ఒకే ఐపీ బ్లాక్‌లో ఏడీసీ, పీడబ్ల్యూఎమ్, జీపీఐఓ: డ్రైవర్ ఒకటి రాయాలా, మూడు రాయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. జింక్-7000 బోర్డు మీద లినక్స్ నడుస్తోంది. మీ హార్డ్‌వేర్ టీమ్ ఎఫ్‌పీజీఏ (మనమే సర్క్యూట్ రాసి మార్చుకోగల భాగం) వైపు ఒక బ్లాక్ చేసి ఇచ్చింది. అందులో 8 ఛానళ్ల ఏడీసీ (వోల్టేజ్‌ని అంకెగా మార్చేది) సీక్వెన్సర్, 4 పీడబ్ల్యూఎమ్‌లు (ఫ్యాన్, బ్యాక్‌లైట్ లాంటివి నడిపే పల్స్ అవుట్‌పుట్‌లు), 16 జీపీఐఓ లైన్లు (బటన్లు, ఎల్‌ఈడీల లాంటివాటికి మామూలు పిన్నులు) ఉన్నాయి. మూడింటికీ కలిపి 4 కేబీ రిజిస్టర్ రేంజ్ ఒక్కటే, క్లాక్ ఒక్కటే, రీసెట్ ఒక్కటే, ఇంటరప్ట్ లైన్ ఒక్కటే. బ్లాక్ ఒకటే కాబట్టి డ్రైవర్ కూడా ఒకటే రాసి, ఒక క్యారెక్టర్ డివైస్ పెట్టి, అన్నీ ఐఆక్టల్స్‌తో (అప్లికేషన్ నుంచి డ్రైవర్‌కి పంపే సొంత కమాండ్‌లతో) నడిపిద్దామని మీ లీడ్ గారు అంటున్నారు. మీకేమో మూడు డ్రైవర్లు రాయడమే పద్ధతి అనిపిస్తోంది. కానీ అప్పుడు ఇంటరప్ట్ ఎవరిది, క్లాక్ ఎవరు ఆన్ చేయాలి, ఏది ముందు ప్రోబ్ అవ్వాలి (అంటే ఏ డ్రైవర్ ముందు తన డివైస్‌ని పట్టుకుని మొదలవ్వాలి) అనే దగ్గర ఆగిపోయారు.

నాలుగు రాయండి. ఏడీసీకి ఒకటి, పీడబ్ల్యూఎమ్‌కి ఒకటి, జీపీఐఓకి ఒకటి, వీటికి పైన పలచగా ఒక పేరెంట్; మిగతా మూడూ దాని చైల్డ్‌లు. పేరెంట్ చేయాల్సిన పని ఒక్కటే: ఇద్దరి చేతులు పడే ప్రతిదానికీ తాను యజమానిగా ఉండటం. డ్రైవర్ల మధ్య గీత ఎక్కడ గీయాలన్నది బ్లాక్ డయాగ్రామ్‌లో గళ్లు చూసి తేలే విషయం కాదు. ఏ రిజిస్టర్, ఏ క్లాక్, ఏ ఇంటరప్ట్ ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి తేలుతుంది. ఇది ముందే తేల్చుకుంటే మీరు ఆగిపోయిన మూడు ప్రశ్నలకూ దారి దొరుకుతుంది.

మీ లీడ్ గారి పద్ధతిలో కోడ్ తొందరగా నడుస్తుంది, అందులో అనుమానం లేదు. ఇబ్బంది ఆ తర్వాత వస్తుంది. పీడబ్ల్యూఎమ్‌ని కెర్నల్ పీడబ్ల్యూఎమ్ సబ్‌సిస్టమ్‌లో రిజిస్టర్ చేశారనుకోండి, ఎప్పుడో రాసిపెట్టిన పీడబ్ల్యూఎమ్-బ్యాక్‌లైట్, పీడబ్ల్యూఎమ్-ఫ్యాన్ డ్రైవర్లు డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నల్‌కి చెప్పే ఫైల్‌లో) నాలుగు లైన్లు రాయగానే మీ హార్డ్‌వేర్ మీద నడుస్తాయి. ఏడీసీని ఐఐఓలో (ఏడీసీలు, సెన్సర్ల కోసం ఉన్న కెర్నల్ సబ్‌సిస్టమ్‌లో) పెడితే, ఐఐఓ-హెచ్‌డబ్ల్యూమాన్ ద్వారా అదే రీడింగ్ సెన్సర్స్ కమాండ్‌లో కనిపిస్తుంది, ఒక ఛానల్‌కి ఎన్‌టీసీ థర్మిస్టర్ తగిలించి ఉష్ణోగ్రత కూడా చదివించవచ్చు. జీపీఐఓని జీపీఐఓలిబ్‌లో పెడితే బటన్లకు జీపీఐఓ-కీస్, ఎల్‌ఈడీలకు జీపీఐఓ-ఎల్‌ఈడీస్, యూజర్ స్పేస్‌కి లిబ్‌జీపీఐఓడీ. వీటిలో ఒక్కటి కూడా మీరు రాయక్కర్లేదు. ఐఆక్టల్స్ దారి పట్టారంటే ఇవన్నీ మళ్లీ మీరే రాసుకోవాలి, అప్లికేషన్ రాసేవాళ్లకి మీ సొంత హెడర్ ఫైల్ ఇవ్వాలి, రేపు ఎవరైనా ఫ్యాన్ వేగం తగ్గించమంటే థర్మల్ సబ్‌సిస్టమ్‌కి మీ పీడబ్ల్యూఎమ్ ఉందనే తెలియదు. మన ఎంబెడెడ్ కోర్సుల్లో క్యారెక్టర్ డ్రైవర్, ఐఆక్టల్ దగ్గరే ఎక్కువసేపు ఆగిపోతారు, అందుకే అనుభవం ఉన్నవాళ్లకి కూడా మొదట తట్టేది అదే. సబ్‌సిస్టమ్ లేని వింత హార్డ్‌వేర్‌కి అది సరైన దారే. మీ మూడింటికీ మాత్రం సబ్‌సిస్టమ్‌లు ఎప్పటినుంచో ఉన్నాయి.

ఇలాంటి బ్లాక్ ఒకటి కెర్నల్‌లోనే ఉంది, సోర్స్ తెరిచి పక్కన పెట్టుకోండి. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఏఎమ్335ఎక్స్, అంటే బీగల్‌బోన్ బ్లాక్‌లో వాడిన చిప్ కుటుంబం. అందులో టచ్‌స్క్రీన్ కంట్రోలర్, మామూలు ఏడీసీ రెండూ ఒకే బ్లాక్. 12 బిట్ల ఏడీసీ ఒకటి, 8 అనలాగ్ లైన్లు, 16 స్టెప్‌ల సీక్వెన్సర్, రెండు ఫైఫోలు (వచ్చిన డేటా వరుసగా నిలిచే క్యూలు), ఒక ఇంటరప్ట్. నాలుగు వైర్ల రెసిస్టివ్ టచ్ పెడితే నాలుగు లైన్లు దానికి పోతాయి, మిగిలిన నాలుగు ఏడీసీకి మిగులుతాయి. మొదట్లో లినక్స్‌లో దీనికి టచ్ డ్రైవర్ ఒక్కటే ఉండేది, బ్లాక్ మొత్తం తనదే అన్నట్టు రాసిన డ్రైవర్. 2012లో ఏడీసీ డ్రైవర్ కూడా చేర్చాల్సి వచ్చేసరికి దాన్ని విడగొట్టి ఎమ్‌ఎఫ్‌డీ (ఒకే బ్లాక్‌లో చాలా పనులున్న హార్డ్‌వేర్ కోసం ఉన్న కెర్నల్ ఏర్పాటు) కింద ఒక పేరెంట్ పెట్టారు. ఇప్పుడు పేరెంట్ ఎమ్‌ఎఫ్‌డీ ఫోల్డర్‌లో, టచ్ ఇన్‌పుట్ ఫోల్డర్‌లో, ఏడీసీ ఐఐఓ ఫోల్డర్‌లో ఉంటాయి.

పంపకం ఎంత శుభ్రంగా ఉందో చూడండి. 16 స్టెప్‌లలో ఏడీసీ మొదటి నుంచి తీసుకుంటుంది, టచ్ చివరి నుంచి తీసుకుంటుంది. టచ్ డేటా ఫైఫో 0లో పడుతుంది, ఏడీసీ డేటా ఫైఫో 1లో పడుతుంది. డివైస్ ట్రీలో టచ్ వైర్లు, ఏడీసీ ఛానళ్లు కలిపి 8 దాటితే పేరెంట్ తన ప్రోబ్‌లోనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, పిల్లల దాకా రానివ్వదు. ఇంతవరకూ ఎవరి వాటా వారిది, లాక్‌తో పనే లేదు.

తిరకాసంతా స్టెప్ ఎనేబుల్ అనే ఒక్క రిజిస్టర్ దగ్గర ఉంది. 16 స్టెప్‌ల ఎనేబుల్ బిట్లూ అందులోనే ఉంటాయి. వన్-షాట్ మోడ్‌లో స్టెప్ పూర్తవగానే హార్డ్‌వేర్ తానే ఆ బిట్ చెరిపేస్తుంది. కాబట్టి టచ్ డ్రైవర్ తన స్కాన్ అయిన ప్రతిసారీ బిట్లు మళ్లీ రాయాలి. సరిగ్గా అదే సమయంలో ఎవరో ఏడీసీ నుంచి వోల్టేజ్ చదవమంటారు. ఇద్దరూ ఎవరికి వారు ఆ రిజిస్టర్ చదివి, మార్చి, తిరిగి రాస్తే ఒకరి బిట్లు ఇంకొకరు తుడిచేస్తారు. దాని ఫలితం బయటికి ఎలా కనిపిస్తుందంటే, టచ్ ఉన్నట్టుండి పనిచేయడం మానేస్తుంది. లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా ఉండదు. రీబూట్ చేస్తే బాగుంటుంది. ఇలాంటి బగ్ టెస్టింగ్ టీమ్‌కి ఎప్పుడో ఒకసారి దొరుకుతుంది, మీ టేబుల్ మీద మాత్రం ఎంతకీ రాదు.

అందుకే అక్కడ ఆ రిజిస్టర్‌లో రాసే పని పేరెంట్ ఫంక్షన్ల ద్వారానే జరుగుతుంది. పేరెంట్ దగ్గర ఒక స్పిన్‌లాక్, టచ్‌కి కావాల్సిన బిట్ల కాపీ, ఒక వెయిట్ క్యూ ఉంటాయి. టచ్ "నాకు ఎప్పుడూ కావాల్సిన బిట్లు ఇవి" అని చెప్పి ఉంచుతుంది. ఏడీసీ "ఈ ఒక్కసారికి నాకు ఇవి కావాలి" అంటుంది. టచ్ స్కాన్ మధ్యలో ఉంటే ఏడీసీ వెయిట్ క్యూలో ఆగుతుంది, స్కాన్ అయ్యాక తన రీడింగ్ తీసుకుంటుంది, ఆ తర్వాత టచ్ బిట్లు తిరిగి రిజిస్టర్‌లోకి వెళ్తాయి. ఇదంతా మొదటి వెర్షన్‌లో లేదు, ఆ తర్వాతి ప్యాచ్‌లలో వచ్చింది. ఒక రిజిస్టర్‌కి యజమాని ఎవరో ముందే తేల్చకపోతే తర్వాత ఎంత పని పడుతుందో ఆ ఫైల్ గిట్ లాగ్ చదివితే తెలుస్తుంది.

మీ బ్లాక్‌కి ఇదే పని కోడ్ మొదలుపెట్టకముందు కాగితం మీద చేయండి. రిజిస్టర్ పట్టిక ప్రింట్ తీసుకుని, ప్రతి రిజిస్టర్ పక్కన దాన్ని రాసేవాళ్ల పేరు రాయండి: ఏ, పీ, జీ. చదవడం గురించి ఇప్పుడు పట్టించుకోకండి, రాయడమే చూడండి. ఒకే అక్షరం ఉన్న రిజిస్టర్ ఆ చైల్డ్ సొంతం, అది నేరుగా ముట్టుకోవచ్చు. రెండు అక్షరాలు పడ్డ రిజిస్టర్ పేరెంట్‌ది. మీరు చెప్పినదాన్ని బట్టి కంట్రోల్ రిజిస్టర్, ఇంటరప్ట్ ఎనేబుల్, ఇంటరప్ట్ స్టేటస్ ఈ మూడే అలా తేలతాయి. అంటే పేరెంట్ నిజంగానే చిన్న డ్రైవర్. పేరెంట్ పెరిగిపోతోందంటే చైల్డ్ చేయాల్సిన పని దాంట్లోకి జారుతోందని అర్థం.

చదివితే క్లియర్ అయ్యే రిజిస్టర్లకు మాత్రం ఈ లెక్క వర్తించదు. అక్కడ చదవడం కూడా రాయడంతో సమానమే, వాటికి విడిగా గుర్తు పెట్టుకోండి.

ఇక ఉమ్మడి రిజిస్టర్లకు రెగ్‌మ్యాప్ (రిజిస్టర్లు చదివి రాయడానికి కెర్నల్ ఇచ్చే లైబ్రరీ) వాడండి. రెగ్‌మ్యాప్ అప్‌డేట్ బిట్స్ చదివి-మార్చి-రాసే మూడు పనులనూ ఒకే లాక్ కింద చేస్తుంది, కాబట్టి కంట్రోల్ రిజిస్టర్ సమస్య అక్కడితో తీరుతుంది. ఎమ్‌ఎమ్‌ఐఓ (రిజిస్టర్లు మెమరీ అడ్రస్‌లుగా నేరుగా కనిపించేవి) అయితే లోపల స్పిన్‌లాక్ వాడుతుంది, ఐ2సీ బస్ మీది చిప్ అయితే మ్యూటెక్స్, అంటే నిద్రపోయి ఎదురుచూసే లాక్. మీది ఎమ్‌ఎమ్‌ఐఓ కాబట్టి ఇంటరప్ట్ హ్యాండ్లర్ నుంచి కూడా పిలవచ్చు. కానీ రెగ్‌మ్యాప్ లాక్ కాపాడేది ఒక్క ఆపరేషన్‌ని మాత్రమే, వరుసగా చేయాల్సిన నాలుగు ఆపరేషన్లను కాదు. చాలామంది రెగ్‌మ్యాప్ పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండిపోయేది ఇక్కడే.

బీగల్‌బోన్ బ్లాక్ మీదే దీనికీ ఉదాహరణ ఉంది. దాని పవర్ చిప్ టీపీఎస్65217, ఐ2సీ అడ్రస్ హెక్స్ 24. అందులో రెగ్యులేటర్లు, బ్యాటరీ చార్జర్, బ్యాక్‌లైట్, పవర్ బటన్ అన్నీ ఉన్నాయి, విడివిడి డ్రైవర్లుగా నడుస్తాయి. వోల్టేజ్ పొరపాటున మారిపోకుండా కొన్ని రిజిస్టర్లకు పాస్‌వర్డ్ కాపలా పెట్టారు. రాయాలనుకున్న రిజిస్టర్ అడ్రస్‌ని హెక్స్ 7డీతో ఎక్సార్ చేసి, ఆ విలువ పాస్‌వర్డ్ రిజిస్టర్‌లో రాసి, వెంటనే అసలు డేటా రాయాలి. రెండో స్థాయి రక్షణ ఉన్న రిజిస్టర్లకు ఇదే జతను రెండుసార్లు చేయాలి. అంటే అలాంటి ఒక్క రిజిస్టర్ మార్పుకి నాలుగు ఐ2సీ రైట్లు. పాస్‌వర్డ్‌కీ డేటాకీ మధ్య ఇంకో డ్రైవర్ రైట్ దూరితే ఆ మార్పు పడదు. ఒక్కొక్క రైట్ సక్రమంగానే జరిగింది, బస్ మీద ఏ ఎర్రరూ లేదు, వోల్టేజ్ మాత్రం పాతదే. వరుసగా జరగాల్సిన పని ఏదైనా ఉంటే దాన్ని పేరెంట్‌లో ఒక ఫంక్షన్‌గా రాసి, మొత్తం వరుస మీద ఒక లాక్ పట్టుకోండి. చైల్డ్ ఆ ఫంక్షన్‌ని పిలవాలి, వరుస దానికి తెలియక్కర్లేదు. మీ పట్టికలో "ముందు అన్‌లాక్ రాయండి", "షాడో రిజిస్టర్ రాశాక లోడ్ బిట్ వేయండి" లాంటి మాటలు ఎక్కడైనా ఉన్నాయేమో వెతకండి.

ఇంటరప్ట్ దగ్గరికి వద్దాం. రెండు దారులున్నాయి. మొదటిది షేర్డ్ ఇంటరప్ట్: ముగ్గురూ అదే లైన్‌కి హ్యాండ్లర్ పెట్టుకుంటారు, ప్రతి హ్యాండ్లర్ స్టేటస్ చూసి తన బిట్ లేకపోతే నాది కాదని చెప్పి తప్పుకుంటుంది. ఏఎమ్335ఎక్స్ టచ్, ఏడీసీ ఇలాగే చేస్తాయి. అది నడవడానికి కారణం అక్కడ స్టేటస్ బిట్ మీద 1 రాస్తేనే చెరుగుతుంది, ఎనేబుల్‌కి సెట్, క్లియర్ అని రెండు వేరు రిజిస్టర్లు ఉన్నాయి. ఎవరి బిట్ వారు రాసుకుంటారు, పక్కవాళ్ల బిట్‌కి ఏమీ కాదు. మీ స్టేటస్ రిజిస్టర్ చదవగానే క్లియర్ అయ్యే రకమైతే ఈ దారి మూసుకుపోయినట్టే. ఏడీసీ హ్యాండ్లర్ చదవగానే జీపీఐఓ బిట్ కూడా పోతుంది, జీపీఐఓ హ్యాండ్లర్‌కి సున్నా కనిపిస్తుంది, బటన్ నొక్కిన సంగతి ఎవరికీ తెలియదు.

రెండో దారి, మీకు నేను సలహా ఇచ్చేది: పేరెంట్ చిన్న ఇంటరప్ట్ కంట్రోలర్‌గా ఉండటం. స్టేటస్ చదివేది అదొక్కటే. లోపల మూడు ఎంట్రీల ఐఆర్‌క్యూ డొమైన్ (ఏ బిట్ ఏ ఇంటరప్ట్ నంబరో చెప్పే పట్టిక) పెట్టి, ఏ బిట్ వస్తే ఆ చైల్డ్ ఇంటరప్ట్‌ని పిలుస్తుంది. చైల్డ్ మామూలుగా ప్లాట్‌ఫామ్ గెట్ ఐఆర్‌క్యూ అని అడిగి తీసుకుంటుంది, దాని వెనక ఉమ్మడి లైన్ ఉందని దానికి తెలియదు. రేపు మీ హార్డ్‌వేర్ టీమ్ మూడు వేరు లైన్లు ఇచ్చినా చైల్డ్ డ్రైవర్‌లో ఒక్క అక్షరం మారదు. ఐ2సీ చిప్‌లకైతే రెగ్‌మ్యాప్-ఐఆర్‌క్యూ ఇదంతా తయారుగా ఇస్తుంది. అది థ్రెడ్‌లో నడుస్తుంది కాబట్టి ఎమ్‌ఎమ్‌ఐఓ బ్లాక్‌లో, అందులోనూ ఏడీసీ వేగంగా నడిచేచోట, మీరే ఒక చిన్న ఐఆర్‌క్యూ చిప్ రాసుకోవడం మేలు. పెద్ద పనేం కాదు, మాస్క్, అన్‌మాస్క్, అకనాలెడ్జ్, అంతే.

క్లియర్-ఆన్-రీడ్ గురించి ఇంకో మాట. రెగ్‌మ్యాప్ డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (డీబగ్ కోసం కెర్నల్ చూపించే ఫైళ్లలో) రిజిస్టర్లన్నీ ఒక్కసారిగా చూపించే ఫైల్ ఉంటుంది, డీబగ్ చేసేటప్పుడు అందరం క్యాట్ కొడతాం. అలాంటి స్టేటస్ రిజిస్టర్‌నో, ఫైఫో డేటా రిజిస్టర్‌నో అది చదివేస్తే ఇంటరప్టూ పోతుంది, శాంపిలూ పోతుంది. రెగ్‌మ్యాప్ కాన్ఫిగ్‌లో ఆ రిజిస్టర్లను ప్రెషస్ అని గుర్తుపెట్టండి, అప్పుడు డ్రైవర్ తప్ప ఎవరూ చదవరు. బగ్ వెతకడానికి పోయి కొత్త బగ్ తెచ్చుకోవడమంటే అదే.

క్లాక్, పవర్ విషయంలో మీ ప్రశ్నకి రన్‌టైమ్ పీఎమ్‌లో (డివైస్ వాడకంలో లేనప్పుడు దాని పవర్ ఆపే కెర్నల్ ఏర్పాటులో) జవాబు ముందే ఉంది. ఒక బోరు మీద ముగ్గురు రైతులు పొలం తడుపుకుంటారనుకోండి, స్టార్టర్ తాళం ఒకరి దగ్గరే ఉండాలి, ఎవరి పొలం తడవడం అయిపోతే వాళ్లు మోటార్ ఆపేస్తామంటే మిగతా ఇద్దరి మళ్లు ఎండిపోతాయి. ఆ తాళం పేరెంట్‌ది. చైల్డ్ క్లాక్ ఏపీఐని అసలు పిలవకూడదు. తన డివైస్ మీద రన్‌టైమ్ పీఎమ్ గెట్, పుట్ చేస్తే చాలు. చైల్డ్ యాక్టివ్‌గా ఉన్నంతకాలం పేరెంట్ సస్పెండ్ కాకుండా కెర్నలే లెక్క ఉంచుతుంది, ఆఖరి చైల్డ్ కూడా వదిలేశాక పేరెంట్ రన్‌టైమ్ సస్పెండ్ వస్తుంది, అందులో క్లాక్ ఆపండి. మేలుకునేటప్పుడు పేరెంట్ ముందు లేస్తుంది, చైల్డ్ తర్వాత. కాబట్టి ఉమ్మడి కంట్రోల్ రిజిస్టర్‌ని పేరెంట్ రిజ్యూమ్‌లో తిరిగి రాస్తే చైల్డ్ వచ్చేసరికి అంతా సిద్ధంగా ఉంటుంది.

క్లాక్ లేనప్పుడు రిజిస్టర్ ముట్టుకుంటే ఏమవుతుందో గుర్తుపట్టడం నేర్చుకోండి. ఏఎమ్335ఎక్స్ మీద "అన్‌హ్యాండిల్డ్ ఫాల్ట్: ఎక్స్‌టర్నల్ అబార్ట్ ఆన్ నాన్-లైన్‌ఫెచ్" అని కెర్నల్ ఊప్స్ ఇస్తుంది. అది చూడగానే పాయింటర్ కాదు, ముందు క్లాక్‌ని అనుమానించాలి. మీ జింక్ మీద అంత మర్యాద కూడా ఉండదు. ఎఫ్‌పీజీఏ వైపు క్లాక్ ఆగి ఉంటే ఏఎక్స్‌ఐ బస్ మీద జవాబు రాదు, సీపీయూ ఆ రీడ్ దగ్గరే నిలిచిపోతుంది, సీరియల్ కన్సోల్ కూడా మూగబోతుంది. బోర్డు ఉన్నట్టుండి బిగుసుకుపోయి లాగ్‌లో ఏమీ లేకపోతే, ఎవరో పవర్ లెక్క సరిగా పాటించకుండా రిజిస్టర్ ముట్టుకున్నారేమో చూడండి.

రీసెట్ కూడా పేరెంట్‌దే, ఇందులో రాజీ వద్దు. నేను పనిచేసిన ఒక టీమ్‌లో ఏడీసీ ఇరుక్కుపోతే తేరుకోవడానికి ఏడీసీ డ్రైవర్ నుంచే బ్లాక్ రీసెట్ కొట్టే కోడ్ పెట్టారు. ఏడీసీ తేరుకునేది. అదే బ్లాక్‌లోని పీడబ్ల్యూఎమ్ డిస్‌ప్లే బ్యాక్‌లైట్‌ని నడుపుతోంది, అది చీకటైపోయేది. డిస్‌ప్లే వాళ్లు కేబుల్ మార్చారు, ప్యానెల్ మార్చారు, సప్లై వోల్టేజ్ కొలిచారు. రెండు డ్రైవర్ల లాగ్ పక్కపక్కన పెట్టి టైమ్‌స్టాంప్‌లు చూస్తే తప్ప సంగతి బయటపడలేదు. ఏడీసీకి విడిగా సాఫ్ట్ రీసెట్ బిట్ ఉంటే అది ఏడీసీ వాడుకోవచ్చు. బ్లాక్ మొత్తం రీసెట్ మాత్రం పేరెంట్ ప్రోబ్‌లో ఒక్కసారి, అంతే.

ప్రోబ్ వరుస గురించి మీ భయం సగం అనవసరం. పేరెంట్ తాను సిద్ధమయ్యాకే చైల్డ్ డివైస్‌లను పుట్టిస్తుంది, ఎమ్‌ఎఫ్‌డీ యాడ్ డివైసెస్‌తో గానీ ఆఫ్ ప్లాట్‌ఫామ్ పాపులేట్‌తో గానీ. చైల్డ్ ముందు రావడమన్న ప్రశ్నే లేదు. ఒక్క జాగ్రత్త: ఆ ఫంక్షన్ పిలిచిన క్షణంలోనే, అది ఇంకా తిరిగి రాకముందే, చైల్డ్ ప్రోబ్ నడిచిపోవచ్చు. కాబట్టి డ్రైవర్ డేటా సెట్ చేయడం, రెగ్‌మ్యాప్, ఐఆర్‌క్యూ డొమైన్, లాక్ ఇనిషియలైజేషన్ అన్నీ దానికి ముందే అయిపోవాలి. డ్రైవర్ డేటాని ప్రోబ్ చివర్లో సెట్ చేసే అలవాటు చాలామందికి ఉంటుంది, ఇక్కడ అది నేరుగా నల్ పాయింటర్‌కి దారితీస్తుంది.

మిగతా సగం బయటి వనరులది: వేరే డ్రైవర్ ఇచ్చే క్లాక్, రెగ్యులేటర్ ఇంకా రాకపోతే. దానికి 2012లో 3.4 కెర్నల్‌లో డిఫర్డ్ ప్రోబ్ వచ్చింది, కామన్ క్లాక్ ఫ్రేమ్‌వర్క్ వచ్చిన కెర్నల్ కూడా అదే. గెట్ ఫంక్షన్ మైనస్ 517 ఇస్తే, అదే ఈప్రోబ్ డిఫర్, మీరు కూడా దాన్నే తిరిగి ఇచ్చేయండి, కెర్నల్ తర్వాత మళ్లీ పిలుస్తుంది. ఇనిట్‌కాల్ స్థాయి మార్చి వరుస సరిదిద్దాలని మాత్రం చూడకండి, బోర్డు మారగానే అది చెడిపోతుంది. 5.9 కెర్నల్ నుంచి ఉన్న డెవ్ ఎర్ ప్రోబ్ వాడితే ఎందుకు ఆగిందో డీబగ్‌ఎఫ్‌ఎస్‌లోని డివైసెస్ డిఫర్డ్ ఫైల్‌లో కారణంతో సహా కనిపిస్తుంది. ఇందులో ఒక కచ్చితమైన నియమం ఉంది: చైల్డ్ డివైస్‌లను పుట్టించిన తర్వాత పేరెంట్ ఈప్రోబ్ డిఫర్ ఇవ్వకూడదు. చైల్డ్ ప్రోబ్ విజయవంతమైతే కెర్నల్ డిఫర్డ్ జాబితాని మళ్లీ కదిలిస్తుంది, పేరెంట్ మళ్లీ ప్రోబ్ అయ్యి చైల్డ్‌ని మళ్లీ పుట్టిస్తుంది, ఇలా అంతులేకుండా తిరుగుతూనే ఉంటుంది. కావాల్సినవన్నీ ముందు అడిగి తెచ్చుకోండి, చైల్డ్‌లు ఆఖరున.

డివైస్ ట్రీలో చైల్డ్ నోడ్‌లు పెట్టాలా వద్దా అన్నది వాదనలు నడిచే విషయం. డివైస్ ట్రీ హార్డ్‌వేర్‌ని చెప్పాలి, మీ డ్రైవర్లు ఎలా విడగొట్టారో చెప్పకూడదు. డ్రైవర్ పుట్టించడానికే నోడ్ పెడితే బైండింగ్ రివ్యూలో వెనక్కి పంపుతారు. పీడబ్ల్యూఎమ్ సెల్స్, జీపీఐఓ సెల్స్, ఐఓ ఛానల్ సెల్స్ మూడూ ఒకే నోడ్‌లో ఉండొచ్చు, తప్పు లేదు. మీ దగ్గర ఏడీసీకి ఛానల్ వారీగా సెట్టింగ్‌లు ఉంటాయి కాబట్టి దానికి చైల్డ్ నోడ్ సమర్థించుకోవచ్చు. మిగతా రెండింటికీ నేనైతే పెట్టను.

చైల్డ్ లోపల కూడా ఇదే యజమాని ప్రశ్న చిన్న రూపంలో వస్తుంది. మీ 4 పీడబ్ల్యూఎమ్‌లకు ప్రీస్కేలర్ ఒక్కటే అన్నారు. అంటే ఒక ఛానల్ పీరియడ్ కోసం దాన్ని మారిస్తే మిగతా మూడూ మారిపోతాయి. ఏఎమ్335ఎక్స్‌లోని ఈహెచ్‌ఆర్‌పీడబ్ల్యూఎమ్‌లో రెండు అవుట్‌పుట్‌లకు పీరియడ్ ఉమ్మడి. అక్కడి డ్రైవర్ ఒక ఛానల్ ఇప్పటికే వేరే పీరియడ్‌తో నడుస్తుంటే రెండోదానికి ఎర్రర్ ఇచ్చి పంపేస్తుంది. మీరూ అలాగే చేయండి. అడిగింది ఇవ్వలేనప్పుడు పక్క ఛానల్‌ని చెప్పకుండా మార్చేయడం కన్నా కుదరదని చెప్పడం వెయ్యి రెట్లు నయం.

ఎమ్‌ఎఫ్‌డీ పేరెంట్ అన్నిచోట్లా అక్కర్లేదు. ఫంక్షన్‌లకు రిజిస్టర్ రేంజ్‌లు, క్లాక్‌లు వేరువేరుగా ఉంటే మామూలు ప్లాట్‌ఫామ్ డివైస్‌లుగా వదిలేయండి. పీసీఐఈ నెట్‌వర్క్ కార్డ్‌లో ఈథర్‌నెట్, ఆర్‌డీఎమ్ఏ విడగొట్టాలంటే 5.11 కెర్నల్‌లో వచ్చిన ఆగ్జిలరీ బస్ ఉంది. డిస్‌ప్లేలో, కెమెరాలో దీనికి తలకిందుల సమస్య: విడివిడి ముక్కలన్నీ కలిసి ఒకే డివైస్‌గా కనిపించాలి. దానికి కాంపొనెంట్ ఫ్రేమ్‌వర్క్, వీ4ఎల్2 అసింక్ ఉన్నాయి. మీకు ఇవేవీ ఇప్పుడు అక్కర్లేదు.

టెస్టింగ్‌లో మూడు పనులు తప్పకుండా చేయండి. సిస్‌ఎఫ్‌ఎస్‌లోని అన్‌బైండ్ ఫైల్‌తో ఒక చైల్డ్‌ని తీసేస్తూ, పెడుతూ, మిగతా రెండింటినీ గట్టిగా నడపండి. లాక్‌డెప్ (లాక్‌ల వాడకంలో తప్పులు పట్టే సాధనం) ఆన్ చేసిన కెర్నల్‌తో రన్ చేయండి. పాత షేర్డ్ ఇంటరప్ట్ దారిలోనే వెళ్లదలిస్తే డీబగ్ షేర్డ్ ఐఆర్‌క్యూ ఆప్షన్ పెట్టండి. హ్యాండ్లర్‌ని తీసేసే ముందు కెర్నల్ కావాలనే ఒక దొంగ ఇంటరప్ట్ పంపుతుంది. డెవ్‌ఎమ్‌తో (వనరులను తర్వాత కెర్నలే విడుదల చేసే ఫంక్షన్లతో) ఇంటరప్ట్ తీసుకుని, రిమూవ్‌లో ముందే క్లాక్ ఆపేసిన డ్రైవర్ అక్కడ దొరికిపోతుంది. ఎందుకంటే డెవ్‌ఎమ్ వనరులు రిమూవ్ అయ్యాకే విడుదలవుతాయి, అప్పటికి క్లాక్ లేదు, హ్యాండ్లర్ ఇంకా బతికే ఉంది.

మీకున్న అదృష్టం ఏమిటంటే ఇది ఎఫ్‌పీజీఏ. సిలికాన్ అయితే వచ్చినదానితో సర్దుకోవాలి, మీరు అడిగి మార్పించుకోవచ్చు. బిట్‌స్ట్రీమ్ ఖరారయ్యేలోపు హార్డ్‌వేర్ టీమ్‌తో కూర్చుని ఇవి అడగండి: స్టేటస్ బిట్లు 1 రాస్తే చెరిగేలా ఉండాలి, ఇంటరప్ట్ ఎనేబుల్‌కి, జీపీఐఓ అవుట్‌పుట్‌కి సెట్, క్లియర్ రిజిస్టర్లు విడిగా ఉండాలి, మూడు ఫంక్షన్‌లకూ మూడు సాఫ్ట్ రీసెట్ బిట్లు ఉండాలి, మొదటి అడ్రస్‌లో ఒక వెర్షన్ రిజిస్టర్ ఉండాలి. వీలైతే ప్రతి ఫంక్షన్‌నీ దాని సొంత 4 కేబీ పేజీలోకి జరపమనండి. అడ్రస్ స్పేస్‌కి వాళ్లకి ఖర్చేమీ ఉండదు, మీకేమో ఒక్కో చైల్డ్‌కి దాని పేజీ మాత్రమే మ్యాప్ చేసే వీలు వస్తుంది, అప్పుడు పక్కవాళ్ల రిజిస్టర్‌లో పొరపాటున కూడా రాయలేరు. ఈ మార్పులు వాళ్లు ఒప్పుకుంటే పేరెంట్‌లో క్లాక్, రీసెట్, ఐఆర్‌క్యూ డొమైన్ తప్ప ఇంకేమీ మిగలదు. ఒప్పుకోకపోతే రిజిస్టర్ పట్టిక ఇక్కడ పెట్టండి, ఏ రిజిస్టర్ ఎవరిదో కలిసి చూద్దాం.